మా ఇంటి స్టైల్ ఏదో తేల్చుకునే పని: విజయనగరం నుంచి ప్రాజెక్టు డైరీ

ముందు ఇల్లు ఎలాంటిదో చెప్తాను, లేకపోతే మిగతాది అర్థం కాదు. దాసన్నపేట వైపు, 1990ల్లో కట్టిన స్లాబు ఇల్లు. హాలు పడమర ముఖం. హాల్లోనూ ముందు గదిలోనూ ఎర్ర గచ్చు, చుట్టూ నల్ల బోర్డరు. వంటగదిలో కడప బండ గట్టు. ఉండేది మా ఆయన, నేను, అత్తయ్య, ఏడో తరగతి చదివే మా అమ్మాయి. ఖర్చుకి పెట్టుకున్నది 2 లక్షలు, అదీ ఒకేసారి కాదు, బోనస్ వచ్చినప్పుడు కొంత, చీటీ పాడినప్పుడు కొంత.

మొదట ఒక ఇంటీరియర్ కంపెనీ అబ్బాయిని పిలిచాం. ట్యాబ్‌లో త్రీడీ బొమ్మలు చూపించి 6.5 లక్షలకి కొటేషన్ ఇచ్చాడు. బొమ్మల్లో ఇల్లు బాగానే ఉంది కానీ, అందులో మా అత్తయ్య బియ్యం ఏరుకోవడానికి ఎక్కడ కూర్చుంటుందో ఎంత వెతికినా కనిపించలేదు. "మీ స్టైల్ ఏంటి మేడం, మోడ్రనా, కాంటెంపరరీయా, క్లాసిక్కా?" అన్నాడు. మూడింటికీ తేడా ఏమిటని అడిగితే లామినేట్ రంగులు మార్చి చూపించాడు. సరే, ఆ ప్రశ్నకి జవాబు మేమే వెతుక్కుందాం, డబ్బు తర్వాత ఖర్చు పెడదాం అనుకున్నాం.

జూన్: ఫోన్లో దాచుకున్న ఫొటోలు

స్టైల్ పేరు తెలియదు గానీ నచ్చిన ఫొటోలు ఫోన్ నిండా ఉన్నాయి. వాటన్నిటినీ మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించింది. పక్కన నోట్‌బుక్ పెట్టుకుని ఒక రూలు పెట్టుకున్నాను: బాగుంది, సూపర్, క్లాసీ లాంటి మాటలు రాయకూడదు, కంటికి కనిపించేదే రాయాలి. నేల ముదురా లేతా, కిటికీ ఎంత కిందికి ఉంది, కలప కలపలాగే కనిపిస్తోందా లేక రంగు కింద దాక్కుందా, సామాన్ల కాళ్లు కనిపిస్తున్నాయా, గది మధ్యలో ఖాళీ ఉందా, తలపైన ఏమైనా వేలాడుతోందా. బోరు కొట్టే పనే. కానీ కొన్ని పేజీలయ్యేసరికి అవే మాటలు మళ్లీ మళ్లీ రాయాల్సి వచ్చింది. దాదాపు అన్నిట్లోనూ నేల గోడకన్నా ముదురు. కుర్చీలకీ సోఫాలకీ కింద చీపురు దూరేంత ఖాళీ ఉంది. ఫాల్స్ సీలింగ్ ఉన్న ఫొటో ఒక్కటీ లేదు, అదైతే నాకే ఆశ్చర్యం వేసింది, ఎందుకంటే బంధువుల ఇళ్లలో చూసి 'మనం కూడా పెట్టిద్దాం' అని మా ఆయనతో అన్నది నేనే.

పేర్ల సంగతికొస్తే పెద్ద గందరగోళం. ఒకే రకం గదిని ఒకచోట స్కాండినేవియన్ అంటారు, ఇంకోచోట జపాండి (జపాన్, స్కాండినేవియా పద్ధతులు కలిపినది), మరోచోట వెదురు బుట్ట ఒకటి పెట్టేసి బోహో. ఆ పేర్లు ఎక్కడ పుట్టాయో చదివితే మాత్రం కాస్త పనికొచ్చింది. స్కాండినేవియాలో, అంటే స్వీడన్, నార్వే వైపు, చలికాలంలో పగలు చాలా చిన్నది, మరీ ఉత్తరాన కొన్ని ఊళ్లలో కొన్ని వారాలపాటు సూర్యుడే కనిపించడు. దొరికిన ఆ కాస్త వెలుతురుని గదంతా తిప్పడానికే తెల్ల గోడలు, లేత కలప, పల్చటి కర్టెన్లు. వాళ్ల అవసరం అది. మాది పూర్తిగా అవతలి గొడవ, మే నెల మధ్యాహ్నం పడమర కిటికీలోంచి దూసుకొచ్చే ఎండని ఎలా ఆపాలి అన్నది. తెల్ల గోడలు, తెల్ల టైల్స్, తెల్ల కర్టెన్లు అన్నీ కలిపి ఈ హాల్లో పెడితే మూడు గంటలకి నల్ల కళ్లజోడు పెట్టుకుని కూర్చోవాలి.

ఆషాఢం: వెలుతురు మ్యాపు

ఈ పని మా అమ్మాయికి అప్పగించాను. గ్రాఫ్ కాగితం మీద ఇంటి ప్లాను గీసి, పొద్దున్న ఏడు, మధ్యాహ్నం పన్నెండు, మూడు, సాయంత్రం ఆరు, ఇలా పూటకో కాగితం మీద ఎండ పడేచోట పసుపు, నీడ ఉన్నచోట నీలం రంగు పెన్సిల్‌తో నింపింది. మబ్బు పట్టిన రోజులు వదిలేసింది. ఎవరైనా ఇల్లు సర్దుకుందాం అనుకుంటే రంగుల షాపుకి వెళ్లే ముందు ఈ పని చేయమని గట్టిగా చెప్తాను, పైసా ఖర్చు లేదు, మేం ఇన్నాళ్లూ ఉంటున్న ఇంట్లోనే మాకు తెలియని సంగతులు బయటపడ్డాయి.

హాలు పొద్దున్నంతా నీరసంగా ఉంటుంది, రెండు దాటాక కళ్లు చెదిరిపోతాయి. ముందు గది రోజంతా మసకే, పక్కింటి గోడ మరీ దగ్గర. ఆ పక్కింటి గోడకి చిలకపచ్చ రంగు వేశారు. మధ్యాహ్నం ఎండ ఆ గోడ మీద పడి, అక్కడి నుంచి మా గదిలోకి వస్తుంది. మా గోడకి ఉన్న తెల్ల రంగు పాచి పట్టినట్టు కనిపిస్తుంటే ఇన్నాళ్లూ పెయింటర్ని తిట్టుకున్నాం. అది పక్కింటి ఆకుపచ్చ. వాళ్ల గోడ రంగు మార్చమని అడగలేం కదా, అందుకే మా గోడకి కాస్త ఎరుపు కలిసిన తెలుపు కావాలని తేలింది, ఆకుపచ్చని అది విరుస్తుంది.

షేడ్ కార్డులో అగ్గిపెట్టంత గడి చూసి రంగు ఎంచుకోవడం దండగ. గోడంతా వేశాక అదే రంగు ఇంకా గాఢంగా కనిపిస్తుంది. రెండడుగుల అట్టముక్కలకి రెండేసి కోట్లు వేసి, వాటిని గోడ గోడకీ మార్చి ఆనించి, పూటపూటకీ చూశాం. కొన్ని కంపెనీల కార్డుల్లో ఎల్‌ఆర్‌వీ అని ఒక నంబరు ఉంటుంది. ఆ రంగు ఎంత వెలుతురుని తిప్పి పంపుతుందో చెప్పే లెక్క అది. నలుపు 0 వైపు, తెలుపు 100 వైపు. హాలుకి 60 దరిదాపుల్లో ఉన్న, కొబ్బరి పీచు నీళ్లలో నానినట్టుండే మట్టిఛాయ తెలుపు తీసుకున్నాం. ముందు గదికి 80 దాటినది, గులాబీ ఛాయ ఉండీ లేనట్టుండే తెలుపు. ఒకే ఇంట్లో రెండు తెలుపులేమిటని పెయింటర్ నవ్వాడు. వేశాక మాత్రం రెండు గదులూ ఒకే రంగులో ఉన్నాయనే వచ్చినవాళ్లంతా అనుకుంటున్నారు.

ఆషాఢం చివర్లో: చీపురుపల్లి వైపు, పిన్ని వాళ్లిల్లు

నాకు ఎక్కడ కూర్చుంటే లేవబుద్ధి కాదో ఆలోచిస్తే మొదట గుర్తొచ్చేది పిన్ని వాళ్ల పెంకుటిల్లు. టేపు పట్టుకుని వెళ్లాను. "ఏటే, మా ఇల్లు కొనీసుకుంటావేటి?" అని పిన్ని ఒకటే నవ్వు. అరుగు ఎత్తు 18 అంగుళాలు, అంటే మామూలు కుర్చీ ఎత్తే. కిటికీ అడుగు నేల నుంచి 2 అడుగులే, అందుకే చాప మీద పడుకున్నవాళ్లకి కూడా గాలి తగులుతుంది. మా ఇంట్లో కిటికీ అడుగే మూడున్నర అడుగుల ఎత్తులో ఉంది. దీన్నిబట్టి ఒకటి తేలిపోయింది: నేను ఫొటోల్లో చూసి ముచ్చటపడిన నేలబారు దివాన్లు మా హాల్లో వేస్తే గాలి తలపైనుంచి వెళ్లిపోతుంది. చూడ్డానికి ఎంత బాగున్నా అవి మాకొద్దు, కిటికీ దగ్గర కాస్త ఎత్తు బెంచీనే ఉండాలి.

అక్కడ ఉన్న సామాను తక్కువ. దూలాలు, గుమ్మాలు లావు. నట్టింట్లో మధ్యన ఏమీ లేదు. గోడలో గూళ్లున్నాయి, దీపానికి ఒకటి, మందులకి ఒకటి, కళ్లజోడుకి ఒకటి. 'పాతకాలం' కాబట్టి నచ్చిందనుకునేదాన్ని ఇన్నాళ్లూ. కాదు, ప్రతి వస్తువుకీ చెయ్యి అందే చోటు ఉండటమూ, మధ్యలో మనిషికి చోటు వదలడమూ నచ్చాయి. ఇది కొత్త ఇంట్లోనూ చేయొచ్చు, దానికి పాత గుమ్మాలు కొనుక్కొచ్చి గోడకి తగిలించనక్కర్లేదు.

శ్రావణం: ఇంట్లోనే ఉన్న సామాను

కొత్తవి కొనే ముందు ఉన్నవాటి జాబితా. అటక మీద, మంచం కింద, పెరట్లో ఉన్నవన్నీ హాల్లోకి తెచ్చి పెట్టాం. ఎవరికి ఏది వదులుకోవడం కష్టమో చూస్తే వాళ్ల టేస్టు తెలిసిపోతుంది. మా ఆయన షోకేసులో ఉన్న గాజు బొమ్మలన్నీ ఇచ్చేద్దామన్నారు గానీ నవారు మంచం దగ్గరికొచ్చేసరికి ఊరుకున్నారు. అత్తయ్య స్టీలు డబ్బాలు సగం తీసేయడానికి ఒప్పుకున్నారు, ఇత్తడి గంగాళం మాత్రం ముట్టుకోనివ్వలేదు.

నాకు దొరికిన అసలు వస్తువు మావయ్యగారి కుర్చీ. ఆయన రిటైరైన కొత్తలో ఆఫీసు పాత సామాన్ల వేలంలో కొన్నారట. టేకు చట్రం, పేము అల్లిక, అల్లిక చిరిగిపోయి పెరట్లో పడి ఉంది. దీన్ని తుడుస్తుంటే ఒక సంగతి గుర్తొచ్చింది. 1950ల్లో చండీగఢ్ కట్టేటప్పుడు ఆర్కిటెక్ట్ లె కార్బూజియేతో పనిచేసిన ఆయన బంధువు పియర్ జన్నరే అక్కడి ప్రభుత్వ ఆఫీసుల కోసం టేకు, పేము కలిపి కుర్చీలు డిజైన్ చేశాడు. తర్వాత ఆఫీసులవాళ్లు పాత సామానని మేడల మీద గుట్టలుగా పడేసిన ఆ కుర్చీలే విదేశాల్లో వేలంపాటల్లో లక్షలు పలుకుతున్నాయి. మాది ఆ కుర్చీ కాదు లెండి, ఏదో ఊరి వడ్రంగి చేసిందే. అయినా పనితనం ఆ దారిలోనిదే: చెమటపట్టే దేశంలో వీపుకి గాలి తగలాలి, అందుకే పేము. ఫోమ్ సోఫాలో జూన్ నెలలో అరగంట కూర్చున్నవాళ్లకి ఇంకేమీ చెప్పక్కర్లేదు.

అల్లడానికి మనిషి దొరకడమే కష్టమైంది. దొరికినాయన ప్లాస్టిక్ వైరుతో అల్లేస్తానన్నాడు, చవక, పదేళ్లు మన్నుతుంది. పేమే కావాలంటే సరుకు తెప్పించడానికి టైము పడుతుందన్నాడు. ఆగాం. ఇప్పుడది హాల్లో ఉంది, దాని చుట్టూ మిగతావి ఎంచుకుంటున్నాం. ఫోన్లో ఫొటోలన్నిట్లో ఉన్న కాళ్లు కనిపించే తేలిక కుర్చీ మా పెరట్లోనే ఉండటం గురించి అమ్మాయి ఇంకా ఆటపట్టిస్తూనే ఉంది.

వినాయక చవితి తర్వాత: 'లోకల్' మోజు

ఇక్కడొక ప్రమాదం ఉంది, దాని గురించి కాస్త ఎక్కువే రాస్తాను. మన స్టైల్ మన ఊరి నుంచే రావాలి అనుకోగానే చెయ్యి నేరుగా హస్తకళల మీదికి వెళ్తుంది. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో చేసే చిన్న వీణ, ఏటికొప్పాక బొమ్మలు, బుడితి కంచు, ఇత్తడి పాత్రలు, సీతంపేట కొండల్లో సవర గిరిజనులు గీసే బొమ్మలు. అన్నీ మంచివే, అన్నీ నాకు ఇష్టమే. అన్నిటినీ ఒక షోకేసులో పెట్టి లైటేస్తే మాత్రం అది ఇల్లులా ఉండదు, హస్తకళల షోరూంలా ఉంటుంది. ఒక హోటల్ లాబీలో అచ్చం అదే సెటప్ చూశాం కూడా.

సవర బొమ్మలైతే ఇంకో మాట. వాళ్లు ఇంటి గోడకి ఎర్రమట్టి పూసి, బియ్యప్పిండి తెలుపుతో వేసేవి పూజకి సంబంధించినవి, పితృదేవతల కోసం, పంటల కోసం. వాటిని వాల్‌పేపర్‌గా ప్రింటు కొట్టి టీవీ వెనక అతికించడం నాకు నచ్చలేదు. ఆ ఎర్రమట్టి, ఆ తెలుపు రెండూ పక్కపక్కన ఎంత బాగుంటాయో మాత్రం నేర్చుకున్నాను. మా ఎర్ర గచ్చూ, మట్టి తెలుపు గోడా ఆ జోడీయే.

వీణల దగ్గర కూడా బొమ్మ కాకుండా చెక్క తెచ్చుకుందాం అనుకున్నాం. బొబ్బిలి వీణ పనస చెక్కతో చేస్తారు, ఒకే మొద్దులోంచి తొలిస్తే దాన్ని ఏకాండి వీణ అంటారు. పనస కోసినప్పుడు పసుపుపచ్చగా ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ ఎర్రటి గోధుమరంగులోకి తిరుగుతుంది. కిటికీ దగ్గర బెంచీకి పనస పలక బాగుంటుందని కోత మిల్లులో బేరం చేశాం. మేస్త్రి వేలితో తట్టి చూసి వద్దన్నాడు. "పచ్చిగుందమ్మా. ఇప్పుడు పెట్టిస్తే ఎండల్లో ఒంగిపోద్ది. నీడన ఆరనియ్యండి, ఒచ్చే ఏడు సేద్దాం." పలక కొని, మధ్యలో సన్న బద్దలు పెట్టి, వరండాలో నిలవ వేశాం. అంతవరకూ అక్కడ నవారు మంచమే.

ఈ గొడవంతటిలోంచి ఒక నియమం పెట్టుకున్నాం, వాడే వస్తువే బయట ఉండాలి. అత్తయ్య గంగాళం బయటే ఉంది, అందులో కుండీ పెట్టలేదు, పండగలకి పులిహోర అందులోనే కలుపుతారు.

గచ్చు

టైల్స్ వేయమని అందరూ చెప్పారు. పాత గచ్చు మీదే అతికించేయొచ్చు, రెండు రోజుల పని. కానీ టైలూ దాని కింద గమ్మూ కలిసి నేల ముప్పావు అంగుళం దాకా లేస్తుంది, తలుపులన్నీ అడుగున కోయాలి, గడప ఎత్తు తగ్గుతుంది. అదంతా ఎలాగూ చేయించుకోవచ్చు. నాకు అడ్డుపడింది నోట్‌బుక్కే, ప్రతి పేజీలోనూ 'నేల ముదురు' అని రాసి ఉంది. ఆ ముదురు నేల కాళ్ల కింద ఉండగా దాన్ని కప్పి, ముదురు రంగు టైల్ కొనడం ఏమిటి?

పగుళ్లున్నాయి, నిజమే. సిమెంటులో ఎర్ర ఆక్సైడ్ పొడి కలిపి పూడ్చినా అతుకు కనిపిస్తుంది, ముప్పై ఏళ్ల రంగుకి కొత్త రంగు కలవదు. కనిపించనీ అనుకున్నాం. యాసిడ్ ఉన్న క్లీనర్లు బంద్. అప్పుడప్పుడు గుడ్డకి నాలుగు చుక్కలు కొబ్బరినూనె రాసి రుద్ది, వెంటనే పొడిగుడ్డతో తుడిచేయాలి, జిడ్డు మిగిలితే జారుతుంది, అత్తయ్య మోకాళ్లతో ఆ రిస్కు వద్దు. గోగునార తివాచీ ఒకటి పరిచి చూశాం, గోగు పండే జిల్లాయే కదా మాది. ఎర్ర నేల మీద అందంగానే ఉంది, కానీ వానలకి చెమ్మ పీల్చుకుని వాసన మొదలైంది. సంక్రాంతి నుంచి మే దాకా పరుద్దాం, మిగతా కాలం చుట్టి అటక మీదికి.

సిరిమాను వెళ్లిన వారం: లైట్లు

పైడితల్లమ్మ సిరిమాను పండక్కి వచ్చిన చుట్టాలు వెళ్లాక లైట్లు మార్చాం. హాల్లో అన్నీ 6500 కెల్విన్ (వెలుగు రంగుకి కొలత, నంబరు తగ్గేకొద్దీ పసుపు వైపు) తెల్ల ట్యూబులే ఉండేవి, వాటి నీలం వెలుగులో ఎర్ర గచ్చు చచ్చిపోయిన రంగులో కనిపించేది. వాటి బదులు 3000 కెల్విన్ దీపాలు, సీలింగ్‌కి కాకుండా గోడలకి, మనిషి భుజం కన్నా కాస్త పైన. మొదటి సాయంత్రం అత్తయ్య "ఓల్టేజీ తగ్గిపోనాదేటి?" అని బయటికెళ్లి వీధి లైట్లు చూసొచ్చారు. ఆవిడకి పేపరు చదవడానికి కుర్చీ పక్కన విడిగా దీపం పెట్టాం, దాంతో గొడవ సద్దుమణిగింది. వంటగదికి 4000, కూర మాడుతోందో వేగుతోందో తెలియాలిగా. డబ్బా మీద సీఆర్‌ఐ అని రాసి ఉంటుంది, 90 ఉన్నవి తీసుకుంటే బట్టల రంగులు నిజంగా ఉన్నట్టే కనిపిస్తాయి, ధర కొంచెం ఎక్కువ.

వంటగది గురించి పెద్దగా చెప్పడానికి లేదు. చెమ్మ గోడ కాబట్టి ఎండీఎఫ్ (చెక్క పీచు నొక్కి చేసే పలక) వద్దని మేస్త్రి చెప్పాడు, గట్టు కింద అల్మరాలకి నీళ్లకి తట్టుకునే 710 గ్రేడు ప్లైవుడ్, పైన మెరుపులేని లామినేట్, నేల కడిగినప్పుడు నీళ్లు తగలకుండా కింద కాళ్లు. కడప బండ అలాగే ఉంచాం.

కార్తీకం: కర్టెన్లు, ఇంకా మిగిలినవి

మావయ్యగారి పొందూరు ఖాదీ పంచెలు ట్రంకు పెట్టెలో ఉన్నాయి. పడమర కిటికీకి ఆ గుడ్డలోంచి వచ్చే వెలుతురు ఎలా ఉంటుందో ఊహించుకుని ఆశపడ్డాను. అత్తయ్య ఒక్క మాటలో తేల్చేశారు: "పెద్దాయన పంచెలు కిటికీలకి కడతావేటి?" అంతే, పెట్టె మూత పడింది. ఆవిడ చెప్పిందాంట్లో ఇంకో న్యాయం కూడా ఉంది. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, 100 కౌంటు దాకా సన్నగా వడికి నేసే గుడ్డ ఒంటి మీదికి, ఎండకి మాడిపోయే కర్టెన్‌కి కాదు. లావురకం ఖాదీ తాను తెచ్చి, కుట్టించే ముందే ఉతికి ఆరేశాం, బాగానే కుంచించుకుపోయింది, ముందే కుట్టిస్తే కిటికీకి పొట్టిలాగు తొడిగినట్టుండేది. రాడ్ సీలింగ్‌కి దగ్గరగా బిగించాం, అంచు నేలకి అరంగుళం పైన, తుడిచేటప్పుడు తడవకుండా. మధ్యాహ్నం ఎండ ఇప్పుడు హాల్లోకి మెత్తబడి వస్తోంది.

ఇప్పుడు ఆ కంపెనీ అబ్బాయి మళ్లీ అడిగితే పేరైతే చెప్పలేను గానీ, షాపులో ఏ వస్తువు చూపించినా అర నిమిషంలో అవునో కాదో చెప్పగలను. మొన్న ఒక ఎల్ ఆకారం సోఫా సగం ధరకే వస్తోందని మా ఆయన ఊగారు. కింద చీపురు దూరదు, కాళ్లు లేవు, వీపుకి గాలి లేదు, హాలు మధ్య ఖాళీ పోతుంది. ఆయనే వద్దన్నారు.

2 లక్షల్లో ఇంకా 40 వేల దాకా మిగిలింది. బీరువా తేలలేదు, ఆ బూడిదరంగు స్టీలు ఏ గోడ దగ్గర పెట్టినా పోలీస్ స్టేషన్ గుర్తొస్తోంది, రంగు కొట్టించాలా చీర గుడ్డతో తెర కట్టాలా అని వాదన నడుస్తోంది. వెనక గది అమ్మాయిది, దాన్ని మేం ముట్టుకోలేదు. తన నోట్‌బుక్ తనే రాసుకుంటోంది, కంటికి కనిపించేదే రాయాలన్న రూలుతో సహా. ఇప్పటివరకూ ప్రతి పేజీలోనూ ఊదారంగు ఉంది. ఆదివారం అట్టముక్కలు, ఊదా శాంపిల్ డబ్బాలు తేవాలి, ఆ గది తూర్పు వైపుది కాబట్టి పొద్దుటి ఎండలో చూసి తేలుస్తాం.